జవాబు వెనకున్న ఆలోచన: కరీంనగర్, ఆదిలాబాద్ బడిపిల్లలను అడిగి తెలుసుకోవడం

నాలుగో తరగతి పిల్ల ఒకామె 52లోంచి 27 తీసేసి 35 అని రాసిందనుకుందాం. దిద్దేవాళ్లు దాని మీద ఎర్ర సిరాతో గీత కొట్టి నోటుబుక్కు తిరిగి ఇచ్చేస్తారు. అలా కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినవ్ బిడ్డా?" అని అడిగితే, "ఏడుల రెండు పోతే అయిదు, అయిదుల రెండు పోతే మూడు" అంటుంది. అంటే ఆ పిల్లకు తీసివేత తెలుసు. పెద్ద అంకెలోంచే చిన్న అంకె పోతుందని ఎప్పుడో నేర్చుకున్న మాటను ఒకట్ల స్థానంలోనూ పదుల స్థానంలోనూ అంతే నమ్మకంగా పాటించింది. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన పరిశోధనలో చూపింది ఇదే. పిల్లల లెక్కల తప్పుల్లో చాలావాటికి పరాకు కారణం కాదు. తమకు తాము ఏర్పరచుకున్న ఒక పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం వల్లనే అవి వస్తాయి.

ఆ పద్ధతి ఏమిటో కాగితం పూర్తిగా చెప్పదు, పిల్లే చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలతో ఒక్కొక్కరిగా మాట్లాడి, వాళ్లెలా నేర్చుకుంటున్నారో తెలుసుకునే ప్రయత్నాలకు నూరేళ్ల చరిత్ర ఉంది. ఆ పనిలో తేలినవి ఏమిటి, దానిలోని ప్రమాదాలేమిటి, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బడులకు దాని అవసరమెంత అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రెండు జిల్లాల పిల్లలకు ఏం రాదో చెప్పే లెక్కలు మన దగ్గర పోగుపడ్డాయి. ఎందుకు రావడం లేదో చెప్పగలిగింది పిల్లలే. వాళ్లను వాళ్ల భాషలో అడిగే ఏర్పాటు బడి పనిలో భాగం కావాలి.

సర్వేలు ఎంతవరకు చెప్పగలవు

ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న 'అసర్' సర్వే ఒక మంచి మార్పు తెచ్చింది. అది పిల్లల ఇంటికే వెళ్తుంది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నోటితో చదివిస్తుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని నాలుగు మెట్లు. లెక్కల్లోనూ అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అని మెట్లున్నాయి. అయిదో తరగతిలో పేరున్న పిల్లవాడు రెండో తరగతి కథ చదవలేకపోతున్నాడన్న సంగతి దేశమంతా చర్చకు వచ్చింది ఈ సర్వే వల్లనే. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ కూడా ఆ దారి పట్టింది. 2022 మార్చిలో మూడో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనంలో సుమారు 10 వేల బడుల్లో 86 వేల మందిని, తెలుగుతో సహా 20 భాషల్లో, ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి పరీక్షించారు.

కరీంనగర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఇథియోపియా, పెరు, వియత్నాం దేశాలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను తీసుకుంది. ఎంపికైన జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. 1994-95లో పుట్టిన సుమారు వెయ్యి మందినీ, 2001-02లో పుట్టిన సుమారు రెండు వేల మందినీ కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చారు. అవే కుటుంబాలు, అవే పిల్లలు. కొందరు పిల్లలతో పొడుగాటి సంభాషణలు జరిపి, బడి గురించి, ఇంటి పని గురించి, పెద్దయ్యాక ఏం కావాలనుకుంటున్నారో అడిగారు. పేదరికం, బడి, ఆరోగ్యం ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో తెలియడానికి ఇంతకు మించిన ఆధారం మన దగ్గర అరుదు.

ఇవన్నీ విలువైనవే. అయితే వీటి లక్ష్యం వేరు. 'అసర్' మెట్టు చెబుతుంది, ఆ మెట్టు దగ్గర పిల్ల ఎందుకు ఆగిందో చెప్పదు. 'యంగ్ లైవ్స్' జీవితాన్ని వింటుంది, తీసివేత లెక్క చేస్తున్నప్పుడు బుర్రలో ఏం జరుగుతోందో వినడం దాని పని కాదు. మధ్యలో మిగిలిపోయిన ఆ ఖాళీలోనే టీచరు రోజూ పని చేయాలి.

అడగడం ఎక్కడ మొదలైంది

మనోవిజ్ఞాని జ్యాఁ పియాజే 1920 ప్రాంతంలో పారిస్‌లో తెలివితేటల పరీక్షలను ప్రమాణీకరించే పనిలో చేరాడు. సరైన జవాబులు లెక్కపెట్టడం ఆయన పని. ఆయన మనసు మాత్రం తప్పు జవాబుల మీదికి పోయింది. ఒక వయసు పిల్లలంతా ఒకే రకం తప్పు చేస్తున్నారు, అడిగితే దానికి కారణం కూడా చెబుతున్నారు. అక్కడినుంచి ఆయన ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలను పక్కన పెట్టి, పిల్లవాడు చెప్పినదాన్ని పట్టుకునే తర్వాతి ప్రశ్న వేసే పద్ధతిని ఎంచుకున్నాడు. 1926లో వచ్చిన పుస్తకంలో పిల్లల జవాబులను అయిదు రకాలుగా విడదీశాడు: ఆసక్తి లేక ఏదో ఒకటి అనేయడం, సరదాగా కథ అల్లడం, ప్రశ్నలోనే దొరికిన జవాబును అప్పజెప్పడం, అడిగాక అప్పటికప్పుడు ఆలోచించి చెప్పడం, ముందునుంచే మనసులో ఉన్నదాన్ని చెప్పడం. వీటిని వేరుచేయడం నేర్చుకోవాలంటే కనీసం ఏడాదిపాటు రోజూ సాధన చేయాలని హెచ్చరించాడు. తాపీగా కబుర్లు చెప్పినట్టు కనిపించే ఈ పని ఎంత కష్టమో ఆ హెచ్చరికే చెబుతోంది.

మార్కులు బాగా వస్తున్న పిల్లలతో కూడా ఎందుకు మాట్లాడాలో 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ చూపించాడు. ఆయన పరిశీలించిన బెన్నీ అనే పన్నెండేళ్ల పిల్లవాడు లెక్కల్లో తరగతి కంటే ముందున్నాడని టీచర్ల అభిప్రాయం. కూర్చోబెట్టి అడిగితే, పదింట రెండు అన్న భిన్నాన్ని దశాంశంగా 1.2 అని రాశాడు. పదినీ రెండునూ కలిపితే 12, మధ్యలో ఒక చుక్క. అదే లెక్కన నాలుగింట పదకొండూ 1.5, పదకొండింట నాలుగూ 1.5. లెక్కలంటే ఎవరో పెట్టిన నియమాల గుట్ట అనీ, జవాబుల పట్టికతో సరిపోలడమే గెలుపనీ ఆ పిల్లవాడు నమ్మాడు. ఒక్క సంభాషణ బయటపెట్టిన దాన్ని అన్ని పరీక్షలూ కప్పిపెట్టాయి.

బడిలో వాడుకోవడానికి వీలైన పద్ధతిని 1977లో ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ ఇచ్చింది. రాత లెక్క తప్పిన పిల్లను అయిదు మాటలు అడగాలి. లెక్క చదివి వినిపించు. ఏమడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు. ఏం చేస్తే జవాబొస్తుందనుకుంటున్నావు? చేసి చూపించు, చేస్తూ చెప్పు. ఇప్పుడు జవాబు రాయి. ఈ అయిదింట్లో పిల్ల ఎక్కడ ఆగిందో తెలిస్తే చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. చదవలేక ఆగిన పిల్లకు ఇంకో పది తీసివేతలు ఇంటిపనిగా ఇచ్చి లాభం లేదు.

ప్రశ్నే దారి తప్పిస్తే

అడిగితే చాలు, నిజం తెలిసిపోతుందన్న భరోసాను 1970ల నుంచి పరిశోధకులే ప్రశ్నించారు. పియాజే ప్రయోగంలో రెండు వరుసల్లో సమానంగా గోలీలో బిళ్లలో పెట్టి, సమానమేనా అని ఒకసారి అడిగి, తర్వాత ఒక వరుసను దూరం జరిపి, "ఇప్పుడు రెండూ సమానమేనా?" అని అడుగుతారు. చిన్నపిల్లలు కాదంటారు. సూసన్ రోజ్, మారియన్ బ్లాంక్ 1974లో ఆ ప్రశ్నను రెండుసార్లు కాక ఒక్కసారే అడిగి చూస్తే సరిగ్గా చెప్పినవాళ్లు పెరిగారు. పెద్దవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడిగారంటే మొదటి జవాబు తప్పయి ఉంటుందని పిల్లలు అర్థం చేసుకుంటారు. మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఒక అల్లరి ఎలుగుబొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్టు ఆట కట్టినప్పుడు నాలుగైదేళ్ల పిల్లలు చాలా ఎక్కువ మంది సరిగ్గా చెప్పారు. మార్టిన్ హ్యూజ్, రాబర్ట్ గ్రీవ్ 1980లో "పాలు నీళ్ల కంటే పెద్దవా?" వంటి అర్థం లేని ప్రశ్నలు వేస్తే, పిల్లలు వాటికీ గంభీరంగా జవాబులిచ్చారు. పెద్దవాళ్లు అడిగారు కాబట్టి ఏదో చెప్పాలి.

మన బళ్లలో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు ముందు, హెడ్‌మాస్టర్ గదిలో, నిలబెట్టి అడిగితే ఏ పిల్లయినా సారు ముఖం చూసి జవాబు వెతుక్కుంటుంది. లేదంటే "తెల్వది సార్" అని తప్పించుకుంటుంది. ఆ "తెల్వది"ని అజ్ఞానంగా నమోదు చేసుకునే తొందర మనకుంది. 1960లలో న్యూయార్క్ హార్లెమ్‌లో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ బృందం ఎనిమిదేళ్ల నల్లజాతి పిల్లవాడితో మాట్లాడితే మొదట ఒకటి రెండు ముక్కలే వచ్చాయి. అదే వాడకు చెందిన పరిశోధకుడు మరోసారి చిప్స్ ప్యాకెట్ తెచ్చి, ఆ పిల్లవాడి స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తను నేల మీద కూర్చుని, ఇంటిభాషలో మొదలుపెడితే ఇద్దరూ మాటకు మాట అందుకున్నారు. పిల్లవాడు మారలేదు. మారింది కూర్చున్న తీరు, మాట్లాడిన భాష.

జగిత్యాల, పెద్దపల్లి పల్లెల్లో పిల్ల ఇంట్లో "గిట్ల", "ఏడికి", "అచ్చిండు" అంటుంది. పాఠ్యపుస్తకం "ఇలా", "ఎక్కడికి", "వచ్చాడు" అంటుంది. అడిగే మనిషి పుస్తకభాషలో ప్రశ్న వేస్తే, పిల్ల ముందు తన నోటిని సరిచేసుకోవాలి, ఆ తర్వాత ఆలోచించాలి. రెండు పనులు ఒకేసారి చేయలేక మౌనంగా ఉంటుంది.

కరీంనగర్: బడి లెక్క, ఇంటి లెక్క

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్లు అనేకం. కట్టకు ఇరవై అయిదు, వెయ్యికి నలభై కట్టలు. ఆ లెక్క పిల్లల చెవిన రోజూ పడుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మీద గుడ్డను మీటర్లలో లెక్క కట్టి కూలి ఇవ్వడం చూస్తారు. దుబాయి నుంచి బాపు పంపిన పైసలు ఎంతయ్యాయో అవ్వ లెక్కేసుకుంటుంటే వింటారు. ఈ పిల్లలే బడిలో ఇరవై అయిదో ఎక్కం దగ్గర తడబడతారు.

బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో టెరెజిన్యా నూనెస్, ఆమె సహపరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనం దీన్ని సూటిగా పట్టుకుంది. వీధుల్లో కొబ్బరికాయల వంటివి అమ్ముకునే అయిదుగురు పిల్లలు అంగడి దగ్గర అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కథగా ఇస్తే 74, ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే 37. ఈ సంగతి మనదేశంలోనూ తేలింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు 2025లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలు నోటి లెక్కలో చురుకుగా ఉండి, బడి లెక్కలో తడబడ్డారు. బడిలో మాత్రమే చదివే పిల్లలకు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. తెలివి రెండు చోట్లా ఉంది. రెండింటి మధ్య వంతెన వేయడం బడి బాధ్యత. ఆ వంతెన ఎక్కడ వేయాలో తెలియాలంటే పిల్ల ఇంట్లో లెక్క ఎలా చేస్తుందో ముందు అడగాలి. పిల్లలతో బీడీలు చుట్టించడాన్ని ఇది సమర్థించదు. ఆ ఇంట్లో పెరగడం వల్ల వచ్చిన తెలివిని బడి గుర్తించాలన్నదే మాట.

అంకెలు రాయడంలోనూ అడిగితేనే అర్థమయ్యే తప్పులున్నాయి. "నూట అయిదు" అని చెబితే పిల్ల 1005 అని రాస్తుంది. నూరు రాసి, దాని పక్కన అయిదు రాసింది. విన్నదాన్ని విన్నట్టే రాయడంలో తర్కం ఉంది. స్థానవిలువ ఇంకా అందలేదని దాని అర్థం. ఈ తేడా తెలిసిన టీచరు పది పుల్లల కట్టలు, నూరు పుల్లల కట్టలు పెట్టి మొదలుపెడతారు, తెలియని టీచరు నూరుసార్లు రాయిస్తారు.

చదువు విషయంలో తెలుగు లిపి ప్రత్యేకతను కూడా గుర్తుంచుకోవాలి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపితే పిల్ల గుర్తుపట్టవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మనకు దగ్గరి లిపి అయిన కన్నడంలో సొనాలి నాగ్ 2007లో చేసిన పరిశోధన ఈ నేర్పు నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని చూపింది. మన సరిహద్దును ఆనుకుని కర్ణాటకలో ఉన్న యాద్గిర్‌లోనూ మహారాష్ట్రలోని వాడా ప్రాంతంలోనూ శైలజా మీనన్ బృందం పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ చేసిన అధ్యయనం, అక్షరాల దగ్గరే ఆగిపోయిన పిల్లలకు అర్థం గురించి మాట్లాడే అవకాశం తరగతిలో ఎంత తక్కువో బయటపెట్టింది. కూడబలుక్కుని చదివే పిల్లను "ఈ కథల ఎవలు మంచోళ్లు? నువ్వయితే ఏం జేస్తుంటివి?" అని అడిగితే, చదవడం రాకపోయినా విన్న కథ మీద ఆమెకు గట్టి అభిప్రాయం ఉంటుంది. గడగడా చదివే మరో పిల్ల అదే ప్రశ్నకు నోరు మెదపకపోవచ్చు. నిమిషానికి ఎన్ని పదాలు చదివిందో లెక్కపెట్టినంత మాత్రాన ఈ ఇద్దరి తేడా తెలియదు.

ఆదిలాబాద్: ఏ భాషలో అడుగుతున్నాం?

ఉమ్మడి ఆదిలాబాద్‌కు వచ్చేసరికి ప్రశ్న ఏమిటన్న దానికంటే అది ఏ భాషలో ఉందన్నదే పెద్ద సంగతి అవుతుంది. గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే మండలంలో వినిపిస్తాయి. ఈ చిక్కు కొత్తది కాదు. నిజాం ప్రభుత్వం తరఫున పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ మర్లవాయిలో నివసిస్తూ 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేయించారు. రాజ్యం నడిచిన భాష ఉర్దూ, చుట్టూ మరాఠీ, తెలుగు. అయినా మొదటి పాఠం పిల్ల ఇంటిభాషలో ఉండాలన్న నిర్ణయం ఎనభై ఏళ్ల కిందటే ఇక్కడ జరిగింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు గోండి, కొలామి భాషలకు తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు గిరిజన విద్య గురించి 'కొన్ని కలలు, కొన్ని మెలకువలు'లో రాసిన అనుభవాలు ఈ దారిలోని ఆశలను, అడ్డంకులను అర్థం చేసుకోవడానికి నేటికీ పనికొస్తాయి.

ఈ చరిత్ర పిల్లలతో మాట్లాడే వాళ్లకు ఏం నేర్పుతుంది? గోండు పిల్లను తెలుగులో అడిగి, జవాబు రాకపోతే లెక్క రాదని రాసుకోకూడదు. అదే ప్రశ్నను రెండు భాషల్లో, వేర్వేరు రోజుల్లో అడగాలి. రెండింట్లోనూ ఆగితే విషయమే అందలేదు. గోండిలో చెప్పి తెలుగులో ఆగితే విషయం అందింది, బడిభాష అందలేదు. ఈ రెండింటికీ మందు వేరు. కలిపేసి "వెనుకబడిన పిల్లలు" అని ఒక మూట కట్టడం వల్ల పిల్లలకు జరిగిన నష్టం చాలా పెద్దది. ప్రశ్నలో వచ్చే వస్తువులు కూడా ఈ నేల మీదివి కావాలి. ఎండాకాలం తునికాకు కోతలో యాభై ఆకులకు కట్ట అని పిల్లలకు తెలుసు. ఇరవై కట్టలకు ఎన్ని ఆకులని అడిగితే ఆలోచన కదులుతుంది. లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిందని అడిగితే ప్రశ్న అర్థం చేసుకోవడంలోనే పిల్ల అలసిపోతుంది.

దుబాసీ ద్వారా అడగడంలోనూ జాగ్రత్త కావాలి. పిల్ల పది మాటలు చెబితే పెద్దవాళ్లు ఒక్క మాటలో "తెలియదంటోంది" అని తేల్చేస్తారు. పిల్ల చెప్పింది చెప్పినట్టు గోండిలోనో కొలామిలోనో రాసుకుని, పక్కన తెలుగు రాయాలి. ఆశ్రమ పాఠశాలలో ఉండే పిల్లలతో మరో ఇబ్బంది ఉంది. ఇంటికి దూరంగా ఉన్న పిల్ల తనను అడిగే ప్రతి పెద్దమనిషిలోనూ వార్డెన్‌నే చూస్తుంది. అక్కడ నమ్మకం కుదరడానికి ఒక్క పూట చాలదు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలై, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. కొలాం గూడెం పిల్లకు ఇప్పుడు ఈ రెండూ పరాయి పేజీలే. ఇంగ్లీషు కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. ఆ కోరిక నెరవేరాలన్నా, ఏ పేజీ దగ్గర పిల్ల ఆగిందో ఆమె భాషలో అడిగి తెలుసుకోవాల్సిందే.

అడిగేవాళ్ల బాధ్యత

పిల్ల మాట వినడం దయ కాదు, చట్టం. బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకిచ్చింది. భారత్ 1992లో దానిలో చేరింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలనీ, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు చెప్పేలా చూడాలనీ అంటుంది.

కాబట్టి తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్ల ఇష్టం కూడా అడగాలి. వద్దంటే ఆపేయాలి. పిల్ల చెప్పిన తప్పును తరగతిలో చదివి వినిపించి నవ్వించకూడదు. ఎవరు ఏమన్నారో హెడ్‌మాస్టరుకు చేరవేయకూడదు. ఇంటి కష్టం, తిండి, దెబ్బలు మాటల్లో బయటపడితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ముందే తెలిసి ఉండాలి. పిల్లల నుంచి మాటలు తీసుకుని వెళ్లిపోయి, వాళ్ల తరగతిలో ఏ మార్పూ రాకపోతే ఆ పరిశోధన పిల్లలకు బాకీ పడినట్టే.

బడిలో దీనికి చోటు

రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం 'తొలిమెట్టు' మొదలుపెట్టింది. చదవడం, రాయడం, లెక్కలు ప్రతి పిల్లకూ రావాలన్నది దాని లక్ష్యం. పిల్లలను ఒక్కొక్కరిగా పరీక్షించే సందర్భం దానితో టీచరు చేతికి వచ్చింది. ఆ సందర్భంలో టిక్కు పెట్టే గడి పక్కన ఇంకొక గడి కావాలి: "ఎలా చేశానని చెప్పింది?" వారానికి ఇద్దరు ముగ్గురు పిల్లలతో, ఒక్కొక్కరికి పది నిమిషాలు, న్యూమన్ అయిదు ప్రశ్నలతో మొదలుపెడితే ఏడాదిలో తరగతి మొత్తం పూర్తవుతుంది. రెండు తరగతులనో అయిదు తరగతులనో ఒంటిచేత్తో నడిపే టీచరుకు ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు టీచరును కసరడం కాదు. రిజిస్టర్లు, యాప్‌లలో నింపే సమాచారం తగ్గించి ఆ సమయం ఇవ్వాలి.

రెండో పని టీచర్లకు శిక్షణనిచ్చే డైట్ కళాశాలలది. కరీంనగర్, ఆదిలాబాద్ డైట్‌లలో శిక్షణ పొందే ప్రతి విద్యార్థీ ఏడాదిలో కొందరు పిల్లలతో మాట్లాడి, మాటలను ఉన్నదున్నట్టు రాసి, పేర్లు తీసేసి అప్పగిస్తే, కొన్నేళ్లలో ఈ రెండు ప్రాంతాల పిల్లల ఆలోచనలకు ఒక భాండాగారం తయారవుతుంది. తీసివేతను ఎన్ని రకాలుగా తప్పు చేస్తారు, ఏ ఒత్తుల దగ్గర ఆగుతారు, గోండి నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు ఏ మాట జారిపోతుంది అన్నవాటికి జవాబు కోసం హైదరాబాద్ వైపు చూడనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో ఈ పనికి గోండి, కొలామి మాట్లాడే యువతీయువకులను తీసుకోవాలి, వాళ్ల శ్రమకు జీతం కట్టివ్వాలి. మర్లవాయిలో 1943లో సాధ్యమైనది ఇప్పుడు అసాధ్యమనడానికి కారణం లేదు.

మూడోది అన్నిటికంటే తేలిక. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇప్పుడు చర్చకు వచ్చేవి ఎక్కువగా శాతాలే. ఇక నుంచి ప్రతి టీచరూ తన తరగతిలోని ఒక పిల్ల చెప్పిన ఒక వివరణను, ఆ పిల్ల మాటల్లోనే రాసుకుని తేవాలి. పదిహేను మంది టీచర్లు పదిహేను వివరణలు తెస్తే, అందరూ కలిసి వాటిలోని తర్కం వెతకాలి. పిల్ల ఎక్కడ దాకా సరిగ్గా వచ్చింది, ఎక్కడ పక్కకు తిరిగింది, రేపు ఏ పని ఇస్తే తనంతట తానే దారిలోకి వస్తుంది అని తేల్చాలి. అలా తేల్చుకున్న దానితో మర్నాడు బడికి వెళ్లిన టీచరుకు శాతాల పట్టిక ఇవ్వలేనిది ఒకటి చేతిలో ఉంటుంది: ఫలానా పిల్లకు ఈ రోజు ఏం చెప్పాలో.